కుళ్ళాయప్ప చక్రాలపెట్టె

ఆ గురువారం పొద్దున కుళ్ళాయప్పకు సంబరంతో కాఫీ కూడా సరిగ్గా దిగలేదు. గుంతకల్లు రైల్వే షెడ్డులో ముప్పై ఏళ్ళు ఫిట్టరు పని చేసి రిటైరై, ఇంటి వెనక రేకుల పంచలో సొంత వర్క్‌షాపు పెట్టుకున్న మనిషికి ఎట్టకేలకు ఒక పనిముట్ల పెట్టె వస్తోంది. అయిదు సొరుగులు, నాలుగు చక్రాలు, ఆ చక్రాలకు బ్రేకులు! ఫోనులో చూసినవన్నీ ధర చూడగానే కళ్ళు తిరిగే రకం. పదిహేను రోజులు ఊరంతా తిరిగి, చివరికి బీరువాలు చేసే జయరాజు దగ్గర మూడోవంతు ధరకే చేయించాడు.

సంబరం వెనక భయమూ ఉంది. పంచలో చోటు చాలక పానాలు ఇడ్లీ పాత్రలోకి, డ్రిల్లు బిట్లు పోపులడబ్బాలోకి చేరి చాలాకాలమైంది. మొన్న పప్పులో నట్టు వచ్చింది. ఆయన భార్య కదిరమ్మ దాన్ని కంచం అంచున పెట్టి మరీ చూపింది.

"ఇంగ నావల్ల కాదప్పా. గురువారం పదకొండుకు పాత ఇనుమోన్ని రమ్మని చెప్పినా. అప్పటికి నీ సామాన్లు నా వంటింట్లో ఉంటే తూకానికేస్తా. సత్తెంగా చెప్తాండా!"

కదిరమ్మ మాటంటే మాటే. కుళ్ళాయప్ప మొదటి జీతంతో కొనుక్కున్న పానాల సెట్టు ఆ ఇడ్లీ పాత్రలోనే ఉంది. అది తూకానికి పోతే ఆయన ప్రాణం పోయినట్టే.

తొమ్మిదింటికల్లా జయరాజు దగ్గర పెట్టె సిద్ధంగా ఉంది. ఎర్రరంగు నిగనిగలాడుతోంది. సొరుగు వేలితో తాకితే సర్రున బయటికొచ్చింది.

"ఎట్లుండాదన్నా?"

"పెండ్లికూతురు మాదిరి ఉండాది జయరాజూ!"

"ఆటో పిలిచేదా?"

"ఆటో ఏంటికప్పా? చక్రాలుండాయి కదా!"

అక్కడే తప్పు చేశాడు మహానుభావుడు. తోసుకుంటూ, ఎదురైనవాళ్ళకు సొరుగులు లాగి చూపించుకుంటూ, తన వీధి మొదటికి వచ్చేసరికి పదయింది, నోరు ఎండిపోయింది. పెట్టెను రోడ్డు పక్కన నిలబెట్టి, బ్రేకులు వేసి, ఎదురుగా ఉన్న టీ అంగట్లో దూరాడు.

అది నీళ్ళ ట్యాంకరు ఆగే చోటు. గురువారం ట్యాంకరు వచ్చే రోజు. ఆ ఎండకు ఆ వీధిలో ఎవరూ వరుసలో నిలబడరు. బిందె నిలబడుతుంది, లేకపోతే డబ్బానో ఇటుకరాయో నిలబడుతుంది. పెట్టిన వస్తువే మనిషి. దాన్ని జరిపినవాళ్ళు ఆ వీధిలో బతికి బట్టకట్టలేరు. ఇదంతా కుళ్ళాయప్పకు పుట్టుకతో తెలుసు. కానీ ఆ పూట ఆయన కళ్ళకు పెట్టె తప్ప వేరే ఏమీ కనపడలేదు.

టీ అంగడాయనకు బ్రేకుల గొప్పతనం వివరించి అరగంటకు బయటికొస్తే, ఎర్రపెట్టె వెనక నలభై బిందెలు! కాపలాకు వేపచెట్టు నీడలో రామాంజినమ్మ కూర్చుంది.

"అక్కా, కొంచెం చూసుకో, నా పెట్టె తీసుకపోతా."

"ఏమప్పా, కండ్లు నెత్తికెక్కినాయా? ఎర్రపెట్టె తర్వాత నేను, నా తర్వాత హేమలత, ఆయమ్మ తర్వాత ఆదెన్న. మొదట్ది తీస్తే ఎవరు ఎవరి ఎనకాలో యాడ తెలుస్తాది? ఈడ తలకాయలు పగుల్తాయి!"

"అది నాదక్కా!"

"నీదా? మున్సిపల్ ఆఫీసోళ్ళు పెట్టిన పెట్టె నీదెట్లయితాది? అర్జీలు కూడా ఏసినాం."

జరిగింది ఇదీ. హేమలత తన వరుస మరిచిపోకుండా చీటీ రాసి పై సొరుగులో వేసింది. అది చూసి, పేర్లు రాసుకుంటున్నారు కాబోలనుకుని ఆదెన్న రేషన్ కార్డు జెరాక్సు వేశాడు. జెరాక్సు చూసినవాళ్ళు అది అర్జీల పెట్టె అనుకుని, బోరు కావాలని అర్జీ వేశారు. మూడో సొరుగు పింఛను అర్జీలతో నిండింది. పెట్టె తనదని నిరూపిద్దామని కుళ్ళాయప్ప సొరుగు మీద చెయ్యి వేస్తే, "అర్జీలు ముట్టుకోవద్దు!" అని వీధంతా లేచింది.

పదకొండుకు అయిదు నిమిషాలుంది. ఇంటికి ఫోన్ చేశాడు.

"కదిరీ, ఆ ఇనుమోన్ని కొంచెంసేపు ఆపు. నా పెట్టె నీళ్ళ వరుసలో ఇరుక్కపోయినాది."

"పెట్టె వరుసలో ఉండేదేంది? తాగినావా?"

"టీ తాగినానే!"

"ఆయప్ప వచ్చి కూర్చోనుండాడు. తక్కెడ కూడా తీసినాడు."

ఫోను పెట్టేసింది. అంతలో హారన్ కొట్టుకుంటూ ట్యాంకరు వచ్చింది. డ్రైవరు ఓబులేష్ మామూలుగా ఇంటికి నాలుగు బిందెలు పట్టి పైపు లాగేసే మనిషి. ఎర్రగా మెరిసే పెట్టె, సొరుగుల్లోంచి తొంగిచూసే కాగితాలు చూసి, ఎవరో తనిఖీకి వచ్చినారని బెదిరిపోయాడు.

"ఈ పొద్దు ఇంటికి ఆరు బిందెలు!" అని అరిచాడు. వీధిలో ఈలలు మోగాయి. "మొదట ఎర్రపెట్టె! ఎవరప్పా ఎర్రపెట్టెది?"

ఎవరూ కదల్లేదు. మొదటిది పడితేగానీ రెండోది పట్టరు. కుళ్ళాయప్ప భయంభయంగా చెయ్యెత్తాడు.

"మరి నీ బిందెలేవి?"

సరిగ్గా అప్పుడే కదిరమ్మ దిగింది. చంకలో ఇడ్లీ పాత్ర, అందులో పానాలు.

"కడసారి చూసుకో! ఇది తూకానికి పోతాండాది..." అంటూ ఆగిపోయింది. వంటపని ముగించుకుని వచ్చేసరికి ప్రతి గురువారం ఆమెది ముప్పయ్యో నంబరు. ఆమె వంతుకు నీళ్ళు అయిపోతే, నడుంనొప్పితో పక్కవీధి నుంచి బిందెలు మోసుకొచ్చేది. అలాంటిది, మొగుడు వరుసలో మొదట నిలబడి ఉన్నాడు!

"ఈ పెట్టె మనదా?"

"మనదే, కదిరీ. నన్నెవరూ నమ్మల్యా."

కదిరమ్మ వీధి వైపు తిరిగింది. "ఇది మా ఇంటి పెట్టె. ఎవరన్నా కాదంటారా?"

కదిరమ్మతో పెట్టుకునేదెవరు? పైపెచ్చు రామాంజినమ్మ తన బిందెలే మూడు అరువిచ్చింది. అవి నిండగానే పెట్టె మీద పెట్టి, కాలితో బ్రేకు ఎత్తి, కదిరమ్మ ఒక్క తోపు తోసింది. పెట్టె చుక్క తొణక్కుండా కదిలింది. ఆమె నడుం మీంచి చెయ్యి తీసేసి పకపకా నవ్వింది. ఆ నవ్వు చూసి కుళ్ళాయప్పకు ప్రాణం లేచొచ్చింది.

"ఇన్నేండ్లకు ఒక పనికొచ్చేది తెచ్చినావు కదప్పా!"

పాత ఇనుమాయన ఖాళీ సంచితో వెళ్ళిపోయాడు. అర్జీలన్నీ కదిరమ్మే స్వయంగా ఆఫీసులో ఇచ్చి వచ్చింది. ఇప్పుడు గురువారం పొద్దున్నే పెట్టె వరుసలో మొదట ఉంటుంది. మిగతా రోజులు వంటింట్లో ఉంటుంది, పై సొరుగులో పప్పులు, కింద సొరుగులో ఉల్లిగడ్డలు.

"కదిరీ, మరి నా పానాలు?" అని కుళ్ళాయప్ప ఒకసారి ధైర్యం చేసి అడిగాడు.

"వాటికి ఇడ్లీ పాత్ర ఉండాది కదప్పా. ఇంగ ఎవరూ ముట్టరులే."

ఆ ఇంట్లో ఇడ్లీ ఉడికి ఇప్పటికి ఎనిమిది నెలలు.