బంగారురాజు మేస్త్రీగారి బేస్‌బాల్ త్యాగం

బర్మాలోని పజుండౌంగ్ తెలుగు కూలీల సంఘం ఇకమీదట త్యాగమార్గంలో నడుస్తుందని సంఘాధ్యక్షులు శ్రీ బంగారురాజు మేస్త్రీగారు ఆదివారం పొద్దున జెట్టీ దగ్గర ప్రకటించారు. ప్రకటన నిలబడి వినవలసిందిగా కోరారు. కూర్చోడానికి ఏమీ లేదు కనుక అందరూ నిలబడే ఉన్నారు.

ఈ మార్గం ఆయనకు ఒక అమెరికా ఓడ మీద దొరికింది. ఆ ఓడవాళ్లు బేస్‌బాల్ అనే ఆట ఆడతారు. బంతిని కొట్టినవాడు మూడు మూలలూ తిరిగి, కొట్టిన చోటికే వచ్చి చేరితే ఒక పరుగు. ఆ చోటిని ఇల్లు అంటారు. ముందువాడు ఏదో ఒక మూలలో నిలబడి ఉంటే, వెనకవాడు బ్యాటు ఊపకుండా అడ్డంపెట్టి బంతిని కాళ్ల దగ్గర పడేస్తాడు. పడేసినవాడు అవుట్. ముందువాడు ఒక మూల జరుగుతాడు. దీని పేరు సేక్రిఫైస్.

"అంటే ఏటి బాబూ?" అని దండాసి అడిగాడు.

"నువ్వు పోతావు, నాను ముందుకెల్తాను. దేశం బాగుపడతాది."

టామ్ అనే ఓడవాడు వేళ్లు చూపిస్తూ అందరికీ నేర్పాడు. ఒక్క పరుగు చాలినప్పుడు, ఇంకా ఎవడూ అవుట్ కానప్పుడు, కొట్టేవాడు చేతకానివాడైనప్పుడే ఇది పనికొస్తుంది. ఇద్దరు పోయాక చేస్తే మూడోవాడితో ఆ జట్టు వంతు ముగుస్తుంది. మేస్త్రీగారు సూత్రం తీసుకుని షరతులు టామ్‌కే వదిలేశారు.

దండాసి మాత్రం వేళ్లు గుర్తుపెట్టుకున్నాడు. ఓడవాళ్లతో జరిగే పోటీలో గెలుపు పరుగు చేసినవాడికి వించి నడిపే పని ఇస్తానని జెట్టీ దొర మాట ఇచ్చాడు. వించి అంటే కూర్చుని పిడి తిప్పితే చాలు, బస్తాలు వాటంతటవే లేస్తాయి. ఆరేళ్లుగా అవి దండాసి నెత్తిమీదే లేస్తున్నాయి. అతని మెడ పక్కకు తిరగడం మానేసి ఏడాదయింది. పెళ్లాం చిలకమ్మ ఏదైనా చెప్పాలంటే ఎదురుగా వచ్చి నిలబడుతుంది.

పోటీ చివరి వంతుకు వచ్చేసరికి ఓడవాళ్లవి నాలుగు పరుగులు, సంఘానివి మూడు. మేస్త్రీగారు బంతిని కొట్టలేదు. బంతే వచ్చి ఆయన పొట్టకు తగిలింది. తగిలినవాడికి మొదటి మూల ఉచితం. గోవిందు త్యాగం చేశాడు, ఆయన రెండో మూలకు చేరారు. కన్నయ్య త్యాగం చేశాడు, ఆయన మూడో మూలకు చేరారు. సంఘం సాధించిన ఈ పురోగతికి జనం చప్పట్లు కొట్టారు.

దండాసి వంతు వచ్చింది. మెడ తిరగదు కనుక బంతి వేసేవాడికి ఎదురుగా నిలబడ్డాడు.

"తాకించి వొదిలెయ్," అని మేస్త్రీగారు కేకేశారు.

"ఇద్దరు పోనారు బాబూ. నాను కూడా పోతే ఆటే అయిపోద్ది."

"త్యాగానికి లెక్కలేటిరా?"

చిలకమ్మ జనంలోంచి నడిచొచ్చి మొగుడికి ఎదురుగా నిలబడింది. "కొట్టు," అని చెప్పి వెళ్లిపోయింది.

కొట్టాడు. బంతి అందరి మీదుగా పోయి పజుండౌంగ్ వాగులో పడింది.

మేస్త్రీగారు ఠీవిగా బయల్దేరి, ఇంటికి ఒక్క అడుగు దూరంలో ఆగిపోయారు. తాము చేరితే పరుగులు సమానమవుతాయి, అంతే. గెలుపు పరుగూ, దాంతో వించీ వెనక వస్తున్నాయి. దండాసి మూడు మూలలూ తిరిగొచ్చి ఆయన వెనక ఆగాడు.

"ముందెల్లరా."

"మీ ముందా? ఈ ఆరేళ్లలో ఓడబల్ల మీద ఒక్కనాడైనా మీ ముందు దిగానా బాబూ?"

నిజమే. మేస్త్రీకన్నా ముందు ఓడబల్ల దిగిన కూలీకి మర్నాడు పని ఉండదు.

"నానే సెప్తన్నాను కదా, ఎల్లు."

ముందున్నవాణ్ని దాటితే అవుటని టామ్ వేలు ఊపి హెచ్చరించాడు.

"మీరే ఎల్లండి బాబూ, ఒక్కడుగే."

"అధ్యక్షుణ్ని తోస్తావేటి?"

"తొయ్యట్లేదు బాబూ, దండం పెడతన్నాను."

ఈలోగా కో చిట్ అనే బర్మా పడవవాడు వాగులో తేలుతున్న బంతిని తీసుకుని, ఒడ్డుకు తెడ్డు వేసుకుంటూ వచ్చి, పడవ కట్టేసి, నడిచొచ్చి టామ్ చేతిలో పెట్టాడు. టామ్ దాన్ని మేస్త్రీగారి పొట్టకు ఆనించాడు. ఇల్లు చేరనివాడికి బంతి ఆనిస్తే అవుటే. మూడో అవుట్. సంఘం ఓడిపోయింది.

"గుమ్మందాకా వెళ్లి ఇంట్లో అడుగుపెట్టని నాయకుడు ఇంకొకడుంటే చూపించండి," అని సాయంత్రం మేస్త్రీగారు పత్రికలవారిని అడిగారు. వారు చూపించలేకపోయారు.

జెట్టీ దొర వించి పని కో చిట్‌కు ఇచ్చాడు. ఆ రోజు మైదానంలో ఒక వస్తువును మధ్యలో ఆగకుండా చేరవలసిన చోటికి చేర్చినవాడు అతనొక్కడేనట.

సోమవారం ఓడకు బియ్యం ఎక్కిస్తుండగా మేస్త్రీగారు వరసను ఆపి సభ జరిపారు. బర్మా సోదరుల స్నేహంకోసం సంఘమే ఆ వించిని త్యాగం చేసిందని తీర్మానం చదివారు. ప్రతిపాదించినవారు శ్రీ దండాసి. ఆ సంగతి దండాసికి అప్పుడే తెలిసింది. ఆమోదించేవాళ్లు చేతులెత్తవలసిందిగా కోరారు.

వరసలో నలభైమంది ఉన్నారు. నెత్తిమీది బస్తాలు జారకుండా అందరూ రెండు చేతులూ పైకెత్తి పట్టుకున్నారు.

"ఏకగ్రీవం," అన్నారు మేస్త్రీగారు.