గడ్డకెక్కిన పెద్దాయన

ఆ ఉదయం కొండల్ వేసుకున్న ప్లాన్ చిన్నదే. ఒక ప్యాసింజర్‌ను ఎయిర్‌పోర్టులో దించాలి, పది దాటకుండా పాల్మాకుల చేరాలి. పది నలభైకి అతని భార్య సుమలత పెడుతున్న చేపల పులుసు మెస్‌కు ముహూర్తం. ఎనిమిదేళ్ళు ఇంకొకరి క్యాంటీన్‌లో గిన్నెలు మోసిన మనిషికి ఇవాళ సొంత పొయ్యి. దాన్ని ముట్టించాల్సింది కొండల్ పెద్దబాపు, అంటే పెదనాన్న, పెంటయ్య. వంశంలో అందరికన్నా పెద్ద చెయ్యి తగిలితే తప్ప ఆ ఇంట్లో కొత్త పొయ్యి వెలగదు.

ఆరాంఘర్ చౌరస్తా పేరులో ఉన్న ఆరామ్ దారిలో లేదు, అంతా ట్రాఫిక్. కారు కదలకపోతే కొండల్ వేలు కదులుతుంది. ఏది దొరికితే అది బంధువుల గ్రూపులో పడేయడం అతనికి కారు తోలడం కంటే బాగా వచ్చిన విద్య. ఎవరో బొమ్మ ఒకటి పంపారు. కోట్ల ఏళ్ళ కిందటి చేప, పొట్టి రెక్కల మీద లేచి గడ్డకెక్కుతోంది. దాని వల్ల మనుషులు వచ్చారట, మనుషులకు డ్యూటీలు వచ్చాయట. మీనమేషాలు లెక్కపెట్టకుండా ఆ మీనం మీమ్‌ను గ్రూపులోకి వదిలి, కింద సొంత పైత్యం కలిపాడు: "మన వంశంల అందరికన్న పెద్దాయన. నీళ్ళల్ల ఉన్నోడు ఉండక, మనల్ని గిట్ల ముంచి పోయిండు."

పెంటయ్య భార్య చంద్రమ్మ ఫోన్‌లో బొమ్మలు వాటంతట అవి తెరుచుకోవు. డేటా అయిపోతుందని ఆమె పొదుపు. బూడిదరంగు మసక కింద ఉన్న రాత మాత్రం చదివింది. పెంటయ్య పొద్దున్నే పొలం బావిలో స్నానం చేసి అటునుంచి అటే మెస్‌కు వస్తానని, ఫోన్ ఇంట్లో వదిలి వెళ్ళాడు. ఆయన బావిలోనే పోయాడనుకుని ఆమె ఏడుపు ముఖం ఒకటి నొక్కింది.

చేపకు కాళ్ళు రావడానికి కోట్ల ఏళ్ళు పట్టింది గానీ, వార్తకు రెక్కలు రావడానికి నాలుగు నిమిషాలు చాలు. చంద్రమ్మ ఏడ్చిందంటే పోయింది పెంటయ్యేనని ఎవరో రాశారు. ఆ గ్రూపులో ఒకరు దండం పెడితే ఎవరికి, ఎందుకు అని మిగతావాళ్ళు అడగరు. ఇరవై మూడు దండాలు పడ్డాయి, పదకొండు పూలదండలు పడ్డాయి, ఒక శుభాకాంక్షలు కూడా పడింది. చదవకుండా నొక్కేవాళ్ళకు చావైనా పెళ్ళైనా ఒకటే.

డిపార్చర్స్ ముందు ప్యాసింజర్‌ను దించి ఫోన్ తీసిన కొండల్, పెద్దబాపు డిపార్చర్ వార్త చదివాడు. అది తన పుణ్యమేనని బుర్ర ఉన్నవాడికైతే తట్టేది. కొండల్ కళ్ళు తుడుచుకుని, "నిన్ననే మాట్లాడిన, నమ్మబుద్ధయితలేదు" అని రాశాడు. దాంతో ఒకరిద్దరికి మిగిలిన అనుమానం కూడా తీరింది. తర్వాత ఎవరు ఫోన్ చేసినా ఎత్తలేదు, ఏడుస్తూ కారు తోలుతున్నాడు.

మెస్ ముందు ముగ్గు కడిగేసి ఉంది. బావిలో వెతికి, మనిషి దొరకక బంధువులంతా అక్కడికే చేరారు. సుమలత మెట్టు మీద కూర్చుంది.

"పదకొండు దినాలు మైలనట, పొయ్యి ముట్టియ్యొద్దట," అంది. "కొర్రమట్ట ముక్కలకు కారం వట్టిచ్చి గంజుల వెట్టిన. ఇగ పారవోసుడే."

చంద్రమ్మ కొండల్ చెయ్యి పట్టుకుంది. "యాడున్నడు బిడ్డా మీ పెద్దబాపు?"

"నన్నడుగుతవేంది పెద్దమ్మా, నీకెరుక లేదా?"

అంతలో షేర్ ఆటో ఆగింది. నున్నగా గీయించుకున్న గడ్డంతో, చేతిలో అగ్గిపెట్టెతో పెంటయ్య దిగాడు. బంధువుల చేతుల్లో పూలదండలు చూసి చెప్పులు విడిచాడు.

"ఎవలు వోయిండ్రు?"

చంద్రమ్మ ఆయన్ని గిల్లి చూసింది. "నువ్వే."

"నాకెవలు చెప్పలే."

"గీ కొండలే గ్రూపుల వెట్టిండు."

"అందరు వెడితె నేను వెట్టిన," అన్నాడు కొండల్.

డిగ్రీ చదువుతున్న కొండల్ మేనల్లుడు రాజశేఖర్, చంద్రమ్మ ఫోన్‌లోని మసక మీద వేలు పెట్టాడు. చేప తల ఎత్తి అందరినీ చూసింది. "తాతా, పోయింది ఇది. గిసొంటి చేప నీళ్ళల్లకెళ్ళి గడ్డకెక్కితేనే మనందరం వచ్చినమట. మనకు డ్యూటీలు దీని వల్లనే అని కొండల్ మామ జోకు. ముప్పై ఏడు కోట్ల ఏండ్ల కిందటి ముచ్చట."

పెంటయ్య ఫోన్‌ను దూరంగా పట్టి చేపను చూశాడు, తర్వాత కొండల్‌ను చూశాడు. "నీకన్న గిదే నయం. గడ్డకెక్కి సప్పుడు చెయ్యకుంట ఉన్నది." మళ్ళీ లెక్క వేసుకున్నాడు. "ముప్పై ఏడు కోట్ల ఏండ్లంటె మైల ఎప్పుడో తీరింది. టైమెంత?"

"పది ముప్పై ఎనిమిది, మామా," అంది సుమలత, అప్పటికే లేచి నిలబడి.

"దండలు తెచ్చినోళ్ళు దర్వాజకు కట్టుండ్రి."

పది నలభైకి పొయ్యి వెలిగింది. పులుసు ఉడికి విస్తళ్ళు పడ్డాక, మొదటి ముక్క పట్టుకుని చంద్రమ్మ ఆగింది. "మరి గీయన మన పెద్దాయనంటిరి?"

సంతాపానికి వచ్చినవాళ్ళంతా వంశంలో పెద్దాయనను ముళ్ళు తీసి, మారు వడ్డించుకుని మరీ సాగనంపారు.