నూట ముప్పై ఆంపియర్ల దరఖాస్తు

జులై పదకొండో తేదీ ఉదయం నేను రెండు అరటిపళ్లు, ఒక మాడిన రొట్టె ముక్క తిన్నాను. ఇంత కచ్చితంగా ఎలా గుర్తుందంటారా? దరఖాస్తులో ఏడో గడి అదే: "మార్పు జరిగిన రోజున వాహన యజమాని తీసుకున్న ఆహారం." (ఎందుకని అడిగితే, గడి ఉంది కనుక అన్నారు.)

మనిషి కరెంటును కనిపెట్టడం అంత గొప్ప సంగతేమీ కాదు. దానికి అనుమతి అడగాలని కనిపెట్టాడే, నాగరికత అక్కడ మొదలైంది. ఆ రోజు మా వ్యాను నాగరికతలో అడుగుపెట్టింది.

వ్యాను పాతది. మా ఆవిడ నర్సరీ నడిపినన్నాళ్లూ మొక్కలు మోసింది. వెనక మూలల్లో ఇప్పటికీ కాస్త మట్టి ఉంది, నేను ఊడవలేదు. ఇప్పుడది మా అక్కను మోస్తోంది. అక్క ఊపిరితిత్తులు పూర్తిగా పని చేయవు. సోమ, గురువారాలు నలభై కిలోమీటర్ల అవతల ఆసుపత్రికి వెళ్లాలి, దారి పొడవునా ఆక్సిజన్ యంత్రం నడుస్తూ ఉండాలి. యంత్రానికి బండి కరెంటే దిక్కు. బండిలో కరెంటు పుట్టించేది ఆల్టర్నేటర్. ఇంజను తిరిగితే బెల్టుతో తనూ తిరిగి, లైట్లకూ వైపర్లకూ బ్యాటరీకీ పంచిపెట్టే గుండ్రటి ఇనప ముద్ద. మాది అరవై ఆంపియర్లది. మొక్కలకు సరిపోయింది, అవి దారిలో ఏమీ అడగవు కనుక.

ఎండాకాలమంతా నెట్టుకొచ్చాం. వాన పడితే లైట్లు, వైపర్లు, యంత్రం మూడూ కలిసి నడవాలి. అరవై చాలదు. సిగ్నల్ దగ్గర ఆగగానే యంత్రం కీచుమనేది.

"ఒరేయ్, ఆ వైపర్లు కట్టెయ్. నాకు ఊపిరాడట్లేదు," అనేది అక్క.

"కట్టేస్తే రోడ్డు కనిపించదక్కా."

"నీకు కనిపించకపోతే ఏం? ఎదుటివాళ్లకు నువ్వు కనిపిస్తావుగా. వాళ్లే తప్పుకుంటారు."

మా వీధి చివరి మెకానిక్కును అందరూ గ్రీజు అంటారు. చేతులు చూస్తే ఎందుకో తెలుస్తుంది. అతను బానెట్ ఎత్తి కాసేపు తొంగి చూశాడు. నూట ముప్పై ఆంపియర్ల ఆల్టర్నేటర్ తెచ్చాడు. బ్యాటరీకి వెళ్లే తీగ తీసేసి లావుది వేశాడు, బెల్టు మార్చాడు, బండి కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టరూ పెట్టాడు. మొత్తం మూడు గంటలు.

"బండికి బిగించేశాను సార్. ఇక కాగితానికి బిగించుకోవడం మీ పని. దానికి నా దగ్గర పానా లేదు," అన్నాడు.

నెలాఖరుకు బండి ఫిట్‌నెస్ గడువు అయిపోతుంది. కొత్త భాగం కాగితం మీదికి ఎక్కకపోతే ఫిట్‌నెస్ ఇవ్వరు. ఫిట్‌నెస్ లేకపోతే అక్కకు సోమవారాలూ గురువారాలూ లేవు.

వాహన మార్పుల కార్యాలయం ఎంతో శాస్త్రీయంగా నడుస్తుంది. రంగు మారిస్తే ఒకటో కౌంటరు. సీటు మారిస్తే రెండో కౌంటరు. హారను మారిస్తే మూడోది (అక్కడ అందరూ గట్టిగా మాట్లాడతారు). ఆల్టర్నేటర్ ఏ జాబితాలోనూ లేదు కాబట్టి "ఇతరములు". ఆ కౌంటరు మంగళ, శుక్రవారాలు మాత్రమే తెరుస్తారు. మా ఇంట్లో ఏ ఫారం వచ్చినా "ఇతరములు" అన్నచోట ఏం రాయాలో మా ఆవిడకే తెలిసేది. నేను "ఊపిరి" అని రాశాను. గుమాస్తా దాన్ని కొట్టేసి "విద్యుత్ పరికరం" అని రాశాడు. అతని దస్తూరి బాగుంది.

మార్పుల అధికారి నిదానస్తుడు. కళ్లజోడు తుడుచుకుని దరఖాస్తు రెండుసార్లు చదివాడు.

"పాత ఆల్టర్నేటర్ చాలదని రుజువేదండీ?"

"చాలకేనండీ మార్చింది."

"మార్చేశాక అది చాలలేదని నాకెలా తెలుస్తుంది? పాతది బిగించి తీసుకురండి. చాలకపోవడం నేను కళ్లారా చూడాలి."

న్యాయమే కదా. గ్రీజు పాతది మళ్లీ బిగించాడు. (బిగిస్తూ ఏమన్నాడో రాయడానికి దరఖాస్తులో గడి లేదు.) శుక్రవారం పరీక్ష. లైట్లు వేశాం, వైపర్లు తిప్పాం, యంత్రం పెట్టాం. అది కీచుమంది.

"అదిగో, విన్నారా!" అంది అక్క, పరీక్ష నెగ్గిన పిల్లలా.

"విన్నానమ్మా. కానీ ఆ యంత్రం లెక్కలోకి రాదు. బండిలో భాగం కాదు కదా. పద్నాలుగో నిబంధన ప్రకారం ప్రయాణికుల వెంట వచ్చేదంతా సామానే."

"నా ఊపిరి సామానా నాయనా?"

"చేతిసామాను," అన్నాడాయన ఓదార్పుగా.

యంత్రాన్ని బండికే బిగించేస్తే ఎలా ఉంటుందని అడిగాను. అప్పుడది అంబులెన్సు అవుతుందట. అంబులెన్సుకు సైరన్ తప్పనిసరి. సైరన్ పెట్టాలంటే కనీసం వంద ఆంపియర్ల ఆల్టర్నేటర్ ఉండాలి. వంద, ఆపైన ఉన్న ఆల్టర్నేటర్‌కు ముందస్తు అనుమతి కావాలి. ఆ అనుమతి అంబులెన్సులకు మాత్రమే ఇస్తారు. ఎక్కడా తప్పు పట్టలేకపోయాను. కొత్త బెల్టులాగే మొదలూ చివరా లేకుండా చక్కగా తిరిగింది.

ఆ సాయంత్రమే గ్రీజు నూట ముప్పైని మళ్లీ ఎక్కించాడు. మంగళవారం ఉత్తర్వు ఇస్తామన్నారు. చేతిసామాను యజమాని కూడా హాజరు కావాలన్నారు. అక్క వచ్చింది. మళ్లీ విప్పమంటారేమోనని పానాల సంచీతో గ్రీజూ వచ్చాడు.

వెళ్లేసరికి కార్యాలయంలో కరెంటు లేదు. వరండాలో ముప్పై మంది దాకా నిలబడి ఉన్నారు. వెనక గుడ్డ కప్పిన కొత్త జనరేటర్ ఉంది, దానికింకా అనుమతి రాలేదు. (అదీ ఇతరములే.) అధికారి కిటికీలోంచి మా వ్యాను వైపు చాలాసేపు చూశాడు.

"ఏవండీ, మీ దాంట్లో కరెంటు బాగా వస్తుందన్నారు కదూ?"

"నూట ముప్పై అండీ."

"ప్రింటరు నడుస్తుందా?"

"మీ ఫ్యాను కూడా నడుస్తుంది సార్, అనుమతి ఉంటే," అన్నాడు గ్రీజు.

"దానికి అనుమతేమిటయ్యా, తీగ లాగు!"

తీగ గుమ్మం దాటి లోపలికి వెళ్లింది. వ్యాను ఇంజను గురగురమంటుంటే కార్యాలయం లేచి కూర్చుంది. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, నాలుగు ఫ్యాన్లు. ముప్పై మంది పనులూ ఒక్కొక్కటే తెమిలాయి. రంగు మార్పు కోసం తొమ్మిది నెలలుగా తిరుగుతున్న లారీ డ్రైవరు కాగితం అందుకుని, వెళ్తూ వెళ్తూ అక్క చేతిలో ఒక నారింజ పండు పెట్టాడు.

మూడింటికి లోపల ఎవరో ఐదో ఫ్యాను వేశారు. వ్యానులో యంత్రం కీచుమంది. నేను పరుగెత్తేలోపే అక్క అద్దం దించింది.

"లోపల ఎవరయ్యా అది? ఒక ఫ్యాను కట్టెయ్యండి! నా చేతిసామాను ఆగిపోతోంది!"

గదిలో అందరూ ఎవరి నెత్తి మీది ఫ్యాను వైపు వాళ్లు చూసుకున్నారు. అధికారి లేచి తనదే కట్టేశాడు. ఇది ఏ రికార్డులోనూ ఎక్కదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

తర్వాత చెమట తుడుచుకుంటూ మా ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. ప్రింటరులోంచి అప్పుడే వచ్చింది, కాగితం వెచ్చగా ఉంది. "పై వాహనానికి అరవై ఆంపియర్లకు మించి విద్యుత్ అవసరమున్నట్లు ఎట్టి ఆధారమూ లభించనందున దరఖాస్తు తిరస్కరించడమైనది."

గ్రీజు ఆగలేకపోయాడు. "సార్, ఇది అచ్చయిందే ఆ కరెంటుతో!"

"అది నాకు తెలుసయ్యా. ఫైలుకు తెలియదు," అన్నాడాయన. నిజంగానే బాధపడుతున్నట్టు కనిపించాడు.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. వాచ్‌మన్ పక్కకొచ్చి గొంతు తగ్గించాడు.

"అప్పీలు వేసెయ్యండి సార్. తేలేదాకా బండి ఉన్నదున్నట్టు తిరగొచ్చు. రసీదు చూపిస్తే ఫిట్‌నెస్ కూడా ఇచ్చేస్తారు."

"ఎన్నాళ్లకు తేలుతుంది?"

"ఈ గుమ్మంలో ఇరవై రెండేళ్ల నుంచి ఉన్నాను సార్. తేలిన అప్పీలు ఒక్కటీ ఈ గడప దాటడం నేను చూడలేదు."

ఏ డాక్టరూ నాకెప్పుడూ ఇంత ధైర్యం చెప్పలేదు. వెంటనే అప్పీలు వేశాను. రసీదు మా కరెంటుతోనే అచ్చయింది.

ఐదింటికి అధికారి సంచీ తగిలించుకుని మెట్లు దిగాడు. "శుక్రవారం కూడా రండి."

"అప్పీలు విచారణకాండీ?"

"అబ్బే. శుక్రవారం కూడా కరెంటు ఉండదట. అమ్మగారినీ తీసుకురండి, ఫ్యాన్లు నాలుగే వేస్తాం."

గ్రీజు తీగ చుట్టబోతే వాచ్‌మన్ వద్దన్నాడు, ఎలాగూ మళ్లీ వస్తారుగా అని. అక్క వెనక సీట్లో నారింజ పట్టుకుని నిద్రపోతోంది. వాచ్‌మన్ ఆమెను చూసి, చప్పుడు కాకుండా కార్యాలయం తలుపు దగ్గరికి వేశాడు. తీగ నలుగుతుందేమోనని మళ్లీ తెరిచాడు. బల్ల మీదున్న మా ఉత్తర్వు కార్యాలయ నకలును నాలుగు మడతలు పెట్టి తలుపుకూ తీగకూ మధ్య దూర్చి, మెల్లగా మూసి తాళం వేశాడు.

సరిగ్గా సరిపోయింది.