గేరు సైకిలుకి పావు తిప్పు

ఆ రెండో శనివారం పొద్దున్న రాజేంద్ర వేసుకున్న పథకం చాలా చిన్నది. పలాసలో తొలి బస్సెక్కాలి, కవిటిలో దిగాలి, ఆఫీసరు మనోహర్ గారి ఇంటికి వెళ్ళి బదిలీ కాగితం మీద సంతకం పెట్టించుకోవాలి, పదిన్నర బస్సుకి తిరిగొచ్చి కూతురితో కలిసి భోంచేయాలి. ఇందులో తప్పు జరగడానికి చోటే లేదు.

కవిటిలో ఒక చిన్న ప్రభుత్వ ఆఫీసులో అతను జూనియర్ అసిస్టెంటు. ఇల్లు పలాసలో. మూడేళ్ళుగా పిల్ల లేవకముందే బయల్దేరడం, పిల్ల పడుకున్నాక ఇల్లు చేరడం. నాలుగేళ్ళ ఆ పిల్ల దృష్టిలో తండ్రంటే వారానికోసారి వచ్చిపోయే చుట్టం. కిందటి ఆదివారం సాయంత్రం అది తండ్రి ఒళ్ళో కూర్చుని, "నాన్నా, మీ ఇంటికి ఎప్పుడెల్తావు?" అని అడిగింది. అప్పట్నుంచి రాజేంద్రకి అన్నం సయించడం లేదు. పలాసలో ఒక ఖాళీ ఉంది, దరఖాస్తుకి సోమవారం ఆఖరు రోజు. మనోహర్ గారి సంతకం ఒక్కటే తక్కువ.

మనోహర్ గారు మంచివారే. విశాఖపట్నం నుంచి బదిలీ మీద వచ్చి ఆరునెలలైంది. కుటుంబాన్ని అక్కడే ఉంచి, సన్నటి టైర్ల గేరు సైకిల్ని మాత్రం వెంట తెచ్చుకున్నారు. రాజేంద్ర వెళ్ళేసరికి ఆయన వరండాలో ఆ సైకిల్ని తల్లకిందులుగా నిలబెట్టి, జ్వరమొచ్చిన పిల్లాణ్ణి చూసినట్టు చూస్తున్నారు. మీట నొక్కితే గొలుసు పక్కనున్న పళ్ళచక్రం మీదికి ఎక్కుతోంది. ఎక్కి, నాలుగు చుట్లు తిరిగి, టక్కున మళ్ళీ కిందికి దూకుతోంది. మర్నాడు పొద్దున్నే టెక్కలి నుంచి భావనపాడు దాకా శ్రీకాకుళం మిత్రులతో సైకిలు యాత్ర ఉంది. ఇలాంటి గేరుతో వెళ్తే నలుగురిలో నవ్వులపాలే అని ఆయన వాపోయారు.

బుద్ధున్నవాడెవడైనా "అయ్యో" అని, కాగితం చేతికిచ్చి, సంతకం తీసుకుని బస్సెక్కుతాడు. కానీ పైఅధికారి దిగులుగా ఉంటే రాజేంద్ర నోరు ఊరుకోదు.

"మాది పూండిలో సైకిల్ షాపే సార్," అన్నాడు.

అబద్ధం కాదు. పూండి స్టేషను ఎదురుగా అతని తండ్రికి అద్దె సైకిళ్ళ షాపు ఉండేది. పన్నెండు నల్ల సైకిళ్ళు, ఒక్కదానికీ గేరు లేదు. చిన్నప్పుడు రాజేంద్ర వాటికి గాలి కొట్టేవాడు, అంతకుమించి తండ్రి అతన్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు. మనోహర్ గారి మొహం మాత్రం వెలిగిపోయింది. ఇన్నాళ్ళూ ఎందుకు దాచావయ్యా అని కోప్పడి, స్క్రూడ్రైవర్ల పెట్టె చేతిలో పెట్టారు. రాజేంద్ర కాగితం తీస్తే, రేపు యాత్ర అయ్యాక భావనపాడులోనే సంతకం పెట్టేస్తానని మాటిచ్చి, ఇచ్ఛాపురంలో పనుందని జీపెక్కి వెళ్ళిపోయారు.

రాజేంద్ర ఫోన్లో వీడియో పెట్టాడు. మీట నుంచి వచ్చే వైరు వదులైతే గొలుసు ఇలాగే జారుతుందనీ, వైరు చివరనున్న చిన్న మరని ఎడమకి పావు వంతు తిప్పితే చాలనీ అందులో ఒకాయన చెప్పాడు. రాజేంద్ర పావు వంతు తిప్పాడు. పెడలు తిప్పి మీట నొక్కితే గొలుసు బుద్ధిగా ఎక్కింది, ఎక్కినచోటే ఉంది. అప్పటికి టైము పదింపావు. కథ అక్కడితో అయిపోవలసింది.

పావు వంతుకే ఇంత బాగుంటే అర వంతుకి ఇంకెంత బాగుంటుందో అనిపించింది రాజేంద్రకి. అర వంతు తిప్పాడు. గొలుసు గరగరలాడింది. పోనీ పాత పావు దగ్గరికి వద్దామంటే అదెక్కడుందో గుర్తులేదు. మర పక్కన రెండు బుల్లి స్క్రూలు కనిపించాయి. గొలుసు ఎక్కడిదాకా పోవచ్చో చెప్పే హద్దురాళ్ళు అవి. వాటి జోలికి మాత్రం పోవద్దని వీడియోలో ఆయన చెప్పబోతుండగా ఫోన్లో డేటా అయిపోయింది. రాజేంద్ర ఒక హద్దురాయి పీకేశాడు. గొలుసు చివరి చక్రం దాటి, చక్రానికీ చువ్వలకీ మధ్య సందులో పడి ఇరుక్కుంది. బయట పదిన్నర బస్సు హారన్ కొట్టి వెళ్ళిపోయింది.

సైకిల్ని భుజాన వేసుకుని కవిటి సెంటర్లో మోటారుసైకిళ్ళ మెకానిక్ ఢిల్లీబాబు దగ్గరికి వెళ్ళాడు. ట్రాక్టర్లు విప్పి బిగించినవాణ్ణి, సైకిలొక లెక్కా అని ఢిల్లీబాబు సరిగ్గా చూడనైనా చూడకుండా గొలుసు లాగేశాడు. నిజంగానే వచ్చేసింది. ఆ ఊపులో వైరు కూడా బిగిద్దామని పట్టకారుతో ఒక్క గుంజు గుంజాడు. టింగుమని వైరు తెగింది. ఇలాంటి వైరు శ్రీకాకుళంలో గాని దొరకదని చెప్పి, చేతులు తుడుచుకుని, ఢిల్లీబాబు భోజనానికి వెళ్ళిపోయాడు.

పడవ ఇంజను బాగుచేయించుకోడానికి పొద్దుట్నుంచీ అక్కడే కాచుకుని కూర్చున్న తవిటయ్య అనే ముసలి మత్స్యకారుడు ఇదంతా చూస్తున్నాడు. రాజేంద్ర వాలకం చూసి అతనికి జాలేసింది. గొలుసు ఎండిపోయిందన్నాడు. సంచిలోంచి ఒక సీసా తీశాడు.

"మా తెప్పలకి ఇదే రాత్తాం బాబూ. ఉప్పునీరు కూడా దీన్ని ఏటీ సెయ్యలేదు."

అది జీడిపిక్కల తొక్క నుంచి తీసిన నూనె. చర్మానికి తగిలితే కాలుతుందని పలాసలో పసిపిల్లలకి కూడా తెలుసు. రాజేంద్రకీ తెలుసు, రెండు చేతులతో గొలుసంతా రాసేశాక గుర్తొచ్చింది. కాసేపటికి గొలుసు బెల్లప్పాకంలా జిగటైంది, అరచేతులు భగ్గుమన్నాయి. సరిగ్గా అప్పుడే భార్య గౌరీశ్వరి ఫోను. పిల్ల అన్నం తినకుండా గుమ్మంలో కూర్చుందట.

"ఏటండీ, సంతకమైతే పెట్టీసినారా?"

ఆయన పెట్టేస్తారు, చిన్న పనుంది అని రాజేంద్ర నసిగాడు. జీడి నూనె సంగతి కూడా చెప్పాడు. ఆ తరవాత గౌరీశ్వరి అన్నవి ఇక్కడ రాయడం బాగుండదు.

వైరు లేకపోవడంతో గొలుసు పోయి అన్నిటికంటే చిన్న చక్రం మీద కూర్చుంది. దానిమీద పెడలు తొక్కాలంటే ఏనుగు దిగిరావాలి. రాజేంద్రకి ఏడుపొక్కటే తక్కువ. తవిటయ్య సైకిలు చుట్టూ ఒకసారి తిరిగి, వలలు అల్లే సన్నటి నైలాన్ దారం తీశాడు. గొలుసుని చేత్తో మధ్య చక్రం మీదికి ఎక్కించి, దాన్ని పక్కకి తోసే ఇనప చెయ్యిని కదలకుండా ఆ దారంతో చుట్టి, సముద్రానికి కూడా ఊడని ముడి ఒకటి వేశాడు.

"ఎటూ ఎగరదింక. బండి కదుల్తాది. ఇంకేటి కావాల?"

గాజులా ఉన్న ఆ దారం దగ్గరికొస్తే తప్ప కనబడదు. సాయంత్రం సైకిల్ని వరండాలో పెట్టేసి, మనోహర్ గారు రాకముందే రాజేంద్ర బస్సెక్కేశాడు.

ఆదివారం పొద్దున్న రెండు చేతులకీ కట్లతో, జేబులో కాగితంతో భావనపాడు రేవులో నిలబడ్డాడు. ఎండుచేపల మధ్య నిలబడి ఏం సంజాయిషీ చెప్పాలో వల్లెవేసుకున్నాడు. వైరు తెగిందని ముందే చెప్పేస్తే నయమా, కాళ్ళ మీద పడితే నయమా అన్నది ఎటూ తేలలేదు. ఎనిమిదింటికి ఆరుగురు సైకిళ్ళ మీద వచ్చారు. అందరికంటే ముందు మనోహర్ గారు. దిగీదిగగానే రాజేంద్రని కౌగలించుకున్నారు.

"మీట నొక్కితే టిక్కుమంటుంది, అంతేనయ్యా! గేరు మారినట్టే తెలీలేదు. నౌపడా దాటాక ఎదురుగాలి కొట్టింది. రెండు గేర్లు దించాను. వెన్న!"

రాజేంద్ర వెనక చక్రం వైపు చూశాడు. దారం ముడి పొద్దుటి ఎండలో మెరుస్తోంది, వెంట్రుకవాసి కదల్లేదు. ఆయన నొక్కిన మీట తెగిన వైరుతోనే మాట్లాడుకుంది. అదృష్టం ఇలా కూడా ఉంటుందా అనుకుంటూ కట్ల చేతులతోనే కాగితం ముందుంచాడు. మనోహర్ గారు కలం మూత తీశారు. ఆ కట్లు చూశారు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. మళ్ళీ మూత పెట్టేశారు.

"నా సైకిలు కోసం చేతులు కాల్చుకున్నావు. నిన్ను పలాసకి పంపించేస్తే నా గతేంటయ్యా? నేనున్నన్నాళ్ళూ నువ్వు కవిటిలోనే," అని కాగితాన్ని మడిచి తన జేబులో పెట్టుకున్నారు.

రాజేంద్ర ఇంక దాచి లాభం లేదనుకుని మొత్తం కక్కేశాడు. వైరు తెగిన సంగతి, దారం కట్టిన సంగతి, నలభై రోజులు తొక్కినా ఆ గేరు మారదన్న సంగతి, ఇంటి దగ్గర పిల్ల కోసమే బదిలీ అడుగుతున్న సంగతి. మిత్రులు నవ్వారు. మనోహర్ గారు నవ్వలేదు. కూతురి కోసం తన పనితనాన్నే కాదనే తండ్రిని ఇప్పుడే చూస్తున్నానన్నారు. సైకిలెక్కి అతని ముందే గుండ్రంగా ఓ చుట్టు తిరిగి మీట నొక్కారు. టిక్.

"మారింది. తెలిసిందా?"

"తెలీలేదు సార్."

"నేను చెప్పేదీ అదే," అన్నారాయన.

సోమవారం రాజేంద్ర కవిటి ఆఫీసుకి వెళ్ళేసరికి వరండాలో మరో రెండు గేరు సైకిళ్ళు గోడకి ఆనించి ఉన్నాయి, ఏది ఏ మిత్రుడిదో చీటీలు కట్టి.