పురిటిగుండుకు సంతాపం

ప్రకృతి మీద రాజశేఖర్‌కున్న ప్రేమను శంకించడానికి వీల్లేదు. శిలాప్రియుల సంఘానికి అధ్యక్షుడు కాగానే ఆయన చేసిన మొదటి ఘనకార్యం, సభ్యులందరినీ కార్లెక్కించి పాల్మాకుల దగ్గరి పురిటిగుండు చూపించడం.

ఇంటంత బండ ఒకటి చిన్న బండ అంచున, ఇప్పుడో ఇంకాసేపటికో దొర్లిపోతానన్నట్టు వేల ఏళ్లుగా నిలబడి ఉంది. సభ్యులు దాని కింద యోగాసనాలు వేశారు. ఒంటివేలితో ఎత్తుతున్నట్టు ఫోటోలు దిగారు. శంషాబాద్‌లో దిగే విమానమూ గుండూ ఒకే ఫోటోలో పడేదాకా ఇడ్లీలు కూడా ముట్టలేదు. అంతటి నిష్ఠ!

పక్క చేలో కంది కోస్తున్న చంద్రమ్మ దగ్గరికొచ్చింది.

"రజాకార్ల కాలంల మా ఊరి ఆడోళ్లు దీని కిందనే దాక్కున్నరు సారూ. మా పెద్దక్క ఈడనే పుట్టింది. గందుకే పురిటిగుండు అంటరు."

రాజశేఖర్ కళ్లు చెమర్చాయి. శిరీష అనే సభ్యురాలు వీడియో తీసింది. సరిగ్గా రాలేదంటే ఆయన మళ్లీ కళ్లు తడి చేసుకున్నారు.

"రేపు పొద్దుగాల దీన్ని పేలుస్తరట. ప్లాట్ల వెంచరు రోడ్డుకు అడ్డమొచ్చిందట," అంది చంద్రమ్మ. "మీరు జర వచ్చి మాతోని నిలబడుండ్రి సారూ. మీ అసుంటోళ్లను చూస్తే ఎనకాడుతరు."

రాజశేఖర్ గుండెలో నిజంగానే ఏదో కలుక్కుమంది. అది భయమని ఆయనకు తెలుసు. బయటికి మాత్రం సిద్ధాంతమై వచ్చింది.

"అమ్మా, మాది సౌందర్యారాధన. ఆందోళనలు మా నియమావళిలో లేవు. అయినా సంఘం తరఫున తీవ్రమైన ఆవేదన వ్యక్తం చేస్తాం."

మర్నాడు చంద్రమ్మ, మరో ఇద్దరు ఆడవాళ్లు వెళ్లి గుండు ముందు కూర్చున్నారు. పోలీసులు వాళ్లను జీపెక్కించారు. మధ్యాహ్నానికి గుండు కంకరైంది. రాజశేఖర్ మాట తప్పలేదు. ఆ సాయంత్రమే ఆవేదన వ్యక్తం చేశారు.

సంతాపసభకు ఏసీ హాలు, భోజనాలు వెంచరు వాళ్లే ఏర్పాటు చేశారు. స్టేషన్ నుంచి బయటికొచ్చిన చంద్రమ్మనూ పిలిపించారు. "శిలలు మాట్లాడతాయి, వినే హృదయాలు మనవి!" అని రాజశేఖర్ గద్గదస్వరంతో ముగించి, ఒక నిమిషం మౌనం పాటించమన్నారు. సభంతా లేచింది.

"ఇప్పుడు నిలబడ్డరా సారూ?" అంది చంద్రమ్మ.

రాజశేఖర్ చెవులు వేడెక్కాయి. అదృష్టవశాత్తూ సభికులు ఆ పల్లె నుడికారానికి ముగ్ధులై చప్పట్లు కొట్టారు. హమ్మయ్య అనుకుని ఆయనా కొట్టారు. చంద్రమ్మ తినకుండానే వెళ్లిపోయింది.

మహేశ్వరం వైపు ఇంతకన్నా వింత గుండు ఒకటుందనీ, దాన్నీ పేల్చడానికి సున్నపు గీత గీశారనీ భోజనాల దగ్గర ఎవరో చెప్పారు. సభ్యులు ప్లేట్లు చేతుల్లో ఉండగానే కలవరపడ్డారు.

"అయితే వచ్చే నెలదాకా ఆగొద్దు, ఈ ఆదివారమే పోదాం," అన్నారు ముక్తకంఠంతో. "పేల్చాక ఫోటోలు బాగా రావు."