కుండీలు పదిహేను రోజుల్లో తిరిగి ఇవ్వవలెను

ఆ ఆదివారం ఉదయానికి కేటలాగు గారు వేసుకున్న పథకం చాలా సాదాసీదాది. తెల్లవారగానే డాబా మీది ఇరవై రెండు కుండీలనూ కిందికి దించాలి. నాలుగింటిని తమ బాల్కనీలో సర్దుకోవాలి. మిగిలిన పద్దెనిమిదింటినీ పద్దెనిమిది గుమ్మాల ముందు పెట్టి, ఎవరి కంటా పడకుండా తిరిగివచ్చి కాఫీ తాగాలి.

ఆయన అసలు పేరు ఆ నలభై ఇళ్ళ భవనంలో ఎవరికీ తెలియదు. విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఇరవై ఆరేళ్ళుగా పుస్తకాలకు వర్గ సంఖ్యలు వేసే ఉద్యోగం కనుక కేటలాగు గారయ్యారు. పదకొండేళ్ళుగా అక్కడే కాపురం ఉంటున్నా, లిఫ్టు దగ్గర మనిషి కనిపిస్తే చాలు, మెట్ల దారి పట్టేవారు. మనుషులతో సాగని ముచ్చట్లన్నీ డాబా మీద కుండీలతో సాగేవి. ఆ కుండీలలో ఆయన స్వయంగా నాటినది ఒక్కటీ లేదు. మట్టి నింపి, తడిపి, ఊరుకున్నారు. కొన్ని గాలికి కొట్టుకొచ్చాయి, కొన్ని పిట్టల ధర్మమా అని వచ్చాయి, కొన్ని నిరుటి గింజ రాలి మొలిచాయి. గడ్డిచామంతి, పులిచింత, కుక్కవామింట, ఏ పుస్తకంలోనూ పోలిక దొరకని ఊదాపూల తీగ ఒకటి. వచ్చినదెవరైనా సరే, పూసేదాకా పీకరాదు, గింజ రాలేదాకా కదిలించరాదు అన్నది ఆయన నియమం.

శరత్తు వచ్చింది. ఎండ మెత్తబడింది. కాయలు ఆకుపచ్చనుంచి గోధుమవన్నెకు తిరుగుతున్నాయి. ఇంకొక్క పదిహేను రోజులు ఓపిక పడితే ఏ కుండీ గింజలు ఆ కుండీ మట్టిలోకే చేరిపోతాయి. పడకపోతే ఆరేళ్ళుగా తమంతట తాము నిలబెట్టుకున్న వంశాలు ఒక్క పూటలో అంతరించిపోతాయి.

ఓపిక పట్టేది లేదని శనివారం సాయంత్రమే కార్యదర్శి గారు తేల్చేశారు. ఆయన రిటైరైన సర్వేయరు. నేల అన్నాక దానిమీద మనిషి గీసిన గీత ఉండాలని నమ్మే మనిషి. డాబా మీద పిచ్చిమొక్కలున్న కుండీలన్నీ ఆదివారం పదకొండు గంటలకు ఖాళీ చేయబడునని, అంతకు ముందు పది గంటలకు కింద కార్లు నిలిపే చోట సర్వసభ్య సమావేశం, కొత్త కార్యదర్శి ఎన్నిక జరుగునని కాగితం అంటించారు.

కేటలాగు గారి భార్య బడిలో లెక్కలు చెబుతుంది. బాల్కనీ కొలతను, ఇంట్లోని పుస్తకాల బీరువాలను ఒకసారి కలయజూసి తీర్పు చెప్పింది. "నాలుగు పడతాయండీ. ఐదోది వస్తే మనిద్దర్లో ఒకళ్ళం బయట పడుకోవాలి. మిగతావి పదిహేను రోజులు ఉంచమని చుట్టుపక్కల వాళ్ళని అడగండి. బెల్లు కొట్టి ఒక్కమాట చెప్తే సరిపోతుంది."

"పద్దెనిమిది బెల్లులా?" అన్నారాయన, పద్దెనిమిది పళ్ళు ఒకేసారి పీకించుకోమన్నట్టు చూసి.

కాబట్టి ఆయన తనకు చేతనైన పనే చేశారు. కుండీకొక కార్డు రాశారు. పైన వర్గ సంఖ్య 582. అది గ్రంథాలయంలో మొక్కలకు చెందిన సంఖ్య కనుక అన్నిటికీ అదే. దాని కింద మొక్క పేరు, పోయవలసిన నీళ్ళ కొలత. ఆ కింద "ఏదీ పీకరాదు, ఏదీ నాటరాదు." చిట్టచివర "పదిహేను రోజుల్లో తిరిగి ఇవ్వవలెను." ఇంట్లో ఉన్న పాత గుండ్రటి తేదీ ముద్రను ఊదాసిరాలో అద్ది, ప్రతి కార్డు మీదా పొందికగా వేశారు. ఎవరికి తిరిగి ఇవ్వాలో మాత్రం రాయలేదు. ఇరవై ఆరేళ్ళలో ఏ పుస్తకం మీదా ఆయన తన పేరు రాసుకున్న పాపాన పోలేదు మరి.

ఆరు గంటలకల్లా ఒక గుమ్మం విడిచి ఒక గుమ్మం చొప్పున కుండీలు పెట్టుకుంటూ పోయారు. ఏ తలుపు వెనుక ఎవరుంటారో తెలియదు కనుక ఎక్కడా తడుముకోలేదు. పదకొండో కుండీ వెళ్ళి కార్యదర్శి గారి గుమ్మం ముందు కూర్చుంది.

ఏడున్నరకు రెండో అంతస్తులో మొదలైంది. ఎదురెదురు ఇళ్ళలో ఒకరు పళ్ళ డాక్టరమ్మ, ఒకరు రిటైరైన హెడ్మిస్ట్రెస్సు. పాలపాకెట్ల కోసం తలుపు తీసిన డాక్టరమ్మకు ఎదురింటి గుమ్మంలో పచ్చటి కుండీ కనిపించింది. తన గుమ్మంలో చెప్పులు తప్ప ఏమీ లేవు.

"మీకెవరిచ్చారండీ ఇది?"

"సంఘం వాళ్ళే అయ్యుంటారు. ముద్ర కూడా ఉంది చూడండి."

"మరి నాకేదీ?"

"వరసలో వస్తుందేమోలెండి. నాది ఐదువందల ఎనభై రెండు."

డాక్టరమ్మ తన చెప్పులు పక్కకు జరిపి, వాటి వెనక కూడా చూసింది. "నలభై ఇళ్ళకి ఐదువందల ఎనభై రెండు పంచారా? అయినా నా దాకా రాలేదా?"

పై అంతస్తు ఇన్సూరెన్సు ఏజెంటు కుండీ మీద కూడా అదే సంఖ్య ఉందని ఎనిమిదింటికి బయటపడింది. దానితో అది వరస సంఖ్య కాదని, ఎంపికైన వాళ్ళ గుర్తు అని భవనమంతా ఏకాభిప్రాయానికి వచ్చింది. ఎంపిక ఎలా జరిగిందన్న దగ్గర మాత్రం మెట్లకొక సిద్ధాంతం పుట్టింది. మెట్లు చిమ్మేటప్పుడు నీళ్ళు ఒలకబోయని వారికని కొందరు, ఎన్నికలో కార్యదర్శికి చెయ్యి ఎత్తుతామన్న వారికని మరికొందరు. కుండీ వచ్చినవారు తమలో ఏదో మంచి గుణం ఉండే ఉంటుందని లోలోపల నమ్మి, బయటికి మాత్రం కిమ్మనకుండా నీళ్ళు పోశారు. సరిగ్గా కార్డులో రాసిన కొలత ప్రకారమే పోశారు.

ఇవేవీ ఎరుగని కార్యదర్శి గారు ఎనిమిదిన్నరకు లేచేసరికి, వారి తల్లిగారు పులిచింత కుండీ ముందు పీట వేసుకుని కూర్చుని ఉన్నారు. ముట్టుకుంటే చాలు, ఆ చిన్న కాయలు చిటుక్కున పగిలి గింజలు ఎగిరిపడుతున్నాయి. ఎనభై రెండేళ్ళ ఆవిడ ఎప్పుడూ లేనంతగా నవ్వుతోంది. పిచ్చిమొక్కను కార్యదర్శి గారు ఇట్టే గుర్తుపట్టారు. డాబా మీదివన్నీ ఇలాగే గుమ్మాలకు చేరాయని విని, కుండీలన్నీ పోగుచేసి తెమ్మని వాచ్‌మన్‌ను తరిమి, తమ ఇంటిదానికి తామే చెయ్యి చాచారు.

"ఒరే నాయనా, ముందు నన్ను పీకి పారెయ్. ఆ తర్వాత దాని సంగతి చూద్దువుగాని," అంది తల్లి, తల ఎత్తకుండానే.

వాచ్‌మన్ ఉత్తచేతులతో తిరిగివచ్చాడు. గడువు ఇంకా పదిహేను రోజులుండగా మధ్యలో అడగడానికి నువ్వెవరని హెడ్మిస్ట్రెస్సు నిలదీసిందట. ముద్ర వేసి ఇచ్చినదాన్ని ముద్ర వేసిన కాగితం లేనిదే వదలనని ఏజెంటు ససేమిరా అన్నాడట. కుండీ రానివారు ఇంకో రకం. వెనక్కి తీసుకుంటున్నారంటే తమకిస్తారన్నమాటేనని వాణ్ణి మెట్ల మీదే చుట్టుముట్టారట. "నా తలప్రాణం తోకకొచ్చింది సార్," అని వాచ్‌మన్ చెప్పుల స్టాండు మీద కూలబడ్డాడు.

నాలుగో అంతస్తు బాల్కనీలో నాలుగు కుండీల నడుమ నిలబడి కేటలాగు గారు ఇదంతా విన్నారు. కాఫీ చల్లారిపోయింది. పొరపాటు తనదేనని ఒప్పుకుంటే కుండీల సొంతదారు ఎవరో తేలిపోతుంది. తేలితే పదకొండు గంటలకు అన్నీ డాబా మీదికి వచ్చి ఖాళీ అవుతాయి. ఒప్పుకోకపోతే చేయని పంపకానికి కార్యదర్శి మాటలు పడాలి. ఆయన ఎంత సర్వేయరైనా అది అన్యాయమే. అరగంట ఆలోచించి, మూడు పేరాల క్షమాపణ పత్రం రాసుకున్నారు. రెండో పేరాలో ఒక అల్పవిరామం స్థానం మార్చి, తిరిగి రాసుకున్నారు.

"చదివేటప్పుడు కాస్త గొంతు పెంచండి," అంది భార్య, చొక్కా గుండీ సరిచేస్తూ. "మీ మాట ఎలా ఉంటుందో అక్కడ ఎవరికీ తెలీదు."

పది గంటలకు సమావేశం కిక్కిరిసింది. జప్తు చేస్తారన్న భయంతో కుండీలున్నవారు వాటిని ఒడిలో పెట్టుకుని మరీ వచ్చారు. కార్యదర్శి గారి తల్లి సైతం ముందు వరుసలో, కొడుక్కు ఎదురుగా, పులిచింతను చీరచెంగుతో కప్పుకుని కూర్చుంది. కార్యదర్శి గారు లేచి ఇంకా సభ్యులారా అనకముందే డాక్టరమ్మ నిలబడింది. తానూ ఆ పదవికి పోటీ చేస్తున్నానని చెప్పి, ఆపైన ఒకే ఒక ప్రశ్న వేసింది.

"ఈ మొక్కలు సంఘం ఇచ్చిందా, లేదా? ఇస్తే అందరికీ ఎందుకివ్వలేదు?"

కార్యదర్శి గారు ముప్పై ఏళ్ళు పొలాలు కొలిచిన కంటితో సభను కొలిచారు. కుండీలు లాక్కుంటే పద్దెనిమిది ఇళ్ళు పోతాయి. అందులో ఒకటి తమ సొంత ఇల్లు. సంఘానికి సంబంధం లేదంటే, తన ముద్ర లేకుండా భవనంలో ముద్రలు తిరుగుతున్నాయని ఒప్పుకున్నట్టు అవుతుంది. ఎటు గీత గీసినా హద్దు తనమీదనుంచే పోతోంది. వెనుక వరుసలో కేటలాగు గారు కాగితం మడత విప్పుతుండగా, కార్యదర్శి గారు గొంతు సవరించుకున్నారు.

"సంఘమే ఇచ్చింది. ఇది మొదటి విడత. తక్కిన వారికి రెండో విడతలో అందుతుంది."

చప్పట్లు మోగాయి. డాక్టరమ్మ కూర్చోలేదు. "సరే. మరి వీటి ఆలనాపాలనా తెలిసినవాళ్ళు ఎవరున్నారు మనలో?"

కార్యదర్శి గారు తల్లి ఒడిలోని కుండీ కేసి చూశారు. సభ అంతా ఒకరి ముఖం ఒకరు చూసుకుంది. కేటలాగు గారు కాగితాన్ని తిరిగి నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు.

"నేనున్నానండీ."

పదకొండేళ్ళలో ఆ భవనం ఆయన గొంతు వినడం అదే మొదలు. ఆ తరువాత ఇరవై అయిదు నిమిషాలు వింటూనే ఉంది. ఏ కాయ ఎప్పుడు పగులుతుందో, ఏ గింజకు గాలి కావాలో, ఏ గింజకు పిట్ట కావాలో ఆయన కాగితం చూడకుండా చెప్పుకుపోయారు. పిచ్చిమొక్క అనేది మొక్కలలో ఒక జాతి కాదని, మనకు తీరిక లేకపోవడానికి మనం పెట్టుకున్న పేరని అన్నప్పుడు హెడ్మిస్ట్రెస్సు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. రెండో విడతకు గింజలు ఈ కుండీలనుంచే రావాలని, అందుకు పదిహేను రోజులు ఎవరూ వేలు పెట్టకూడదని, డాబాను అసలే ముట్టుకోకూడదని ముగించారు. ముందు వరుసనుంచి చీరచెంగు కింద ఒక కాయ చిటుక్కుమంది.

"డాబా మీద గడ్డిపోచ కదిలినా సంఘం ఊరుకోదు," అన్నారు కార్యదర్శి గారు, ఆ మాట పుట్టుకనుంచీ తనదే అయినట్టు. డాక్టరమ్మ తనకు రెండో విడతలో మొదటి కుండీ రాయించుకుని పోటీనుంచి తప్పుకుంది. పదకొండు గంటలకు పారలతో వచ్చిన ఇద్దరు పనివాళ్ళకు, కుండీలు ఖాళీ చేసే పని పోయి, ఇరవై ఒక్క కొత్త కుండీలలో మట్టి నింపే పని పడింది.

కేటలాగు గారు ఇంటికి లిఫ్టులోనే వెళ్ళారు. అందులో ఆయనతోబాటు అయిదుగురు ఎక్కారు. అయిదుగురికీ ప్రశ్నలున్నాయి. నాలుగో అంతస్తు వచ్చినా ఎవరూ దిగలేదు. ఆయనా దిగలేదు.

పదిహేనో రోజున పద్దెనిమిది కుండీలూ గడువు తప్పకుండా కేటలాగు గారి గుమ్మానికి వచ్చాయి. ప్రతిదాని మట్టిలోనూ ఎండిన కాయల పొట్టు, దాని కింద నల్లటి గింజలు. ఊదాపూల తీగ కుండీలో అప్పుడే రెండాకుల మొలక కూడా ఒకటి తలెత్తింది. కార్యదర్శి గారి తల్లి మాత్రం కుండీని చూపించి, కొత్త తేదీ ముద్ర వేయించుకుని, తిరిగి తీసుకుపోయింది. వంశాలన్నీ నిలబడ్డాయి.

ఆ సాయంత్రమే కార్యదర్శి గారు కొత్త తీర్మానం తెచ్చి కేటలాగు గారి చేతిలో పెట్టారు. వచ్చే శరత్తులోగా ప్రతి ఇంటివారూ తనంతట తానే మొలిచే మొక్కను కనీసం ఒకటి విధిగా నాటవలెనని, నాటే పద్ధతిని కేటలాగు గారు సోమవారంలోగా రాసి ఇవ్వవలెనని అందులో ఉంది.