మరక మీద పూత

ఆ ఆదివారం ఉదయం కాజిమిర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. గ్యారేజీ నుంచి వీధి దాకా ఉన్న అతని తారు డ్రైవ్‌వే మీద, వీధి చివర, పళ్ళెమంత ఆయిల్ మరక ఒకటుంది. దాని మీద కాస్త నల్ల పూత పూసెయ్యాలి. మధ్యాహ్నం కూతురు రెనాటా, అల్లుడు టోబిన్, ఇంతవరకూ ఫోటోల్లో తప్ప చూడని మనవరాలు వస్తున్నారు. వాళ్ళొచ్చేసరికి ఆ మరక కనబడకూడదు.

మరక అల్లుడి పాత కారుది. మూడేళ్ళ కిందట థాంక్స్‌గివింగ్ విందుకి వచ్చినప్పుడు ఆయిల్ కారి పడింది. బఫలో ఊళ్ళో పడే మంచునీ, రోడ్ల మీద చల్లే ఉప్పునీ తట్టుకునేలా ఆ డ్రైవ్‌వేని కంటికి రెప్పలా చూసుకుంటున్న కాజిమిర్, టర్కీ కోడిని కోస్తున్న కత్తి అక్కడే పడేసి, చుట్టాలందరూ కిటికీలోంచి చూస్తుండగా వెళ్ళి అల్లుడి కారు కింద అట్టముక్క పరిచి వచ్చాడు. ఊరుకున్నాడా? "ఆ కారుకి డైపరు తొడిగొచ్చాను" అన్నాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు పడీపడీ నవ్వారు. టోబిన్ మాత్రం తల వంచుకున్నాడు. రెనాటా లేచి కోటు తొడుక్కుంది. ఆ రోజు పోయిన పిల్ల మళ్ళీ గడప తొక్కలేదు.

భార్య లొరెయిన్ స్నేహితురాలి కారులో చర్చికి బయల్దేరుతూ గుమ్మంలో ఆగింది. "ఇవాళ ఆ డ్రైవ్‌వే జోలికి వెళ్ళావో, నేను మనిషిని కాను!"

"నడుం పట్టేసింది. సోఫాలోంచి లేస్తే ఒట్టు" అన్నాడు కాజిమిర్.

"నీ నడుం సంగతి నాకు తెలీదూ? పూత డబ్బా కనబడితే చాలు, అదే నిలబడుతుంది."

నిజంగానే నిలబడింది. ఆమె వీధి మలుపు తిరిగేసరికి అతను మరక మీద చదరంగా పూత పూసి, వెనక్కి జరిగి చూశాడు. ఎండకి వెలిసి బూడిదరంగుకి తిరిగిన డ్రైవ్‌వే మీద ఆ నల్ల చదరం మైలు దూరం నుంచి కనబడేలా ఉంది. మరక పోయి మహా మరక వచ్చింది.

పక్కింటి డెల్బర్ట్ కాఫీ కప్పుతో కంచె మీదికి వాలాడు. "ఏం కాజ్, ఎవర్ని పాతిపెట్టావక్కడ?"

"నీకు చోటు చూస్తున్నాను."

అన్నాడే గాని, ఆ మాట అతన్ని కుదురుగా ఉండనివ్వలేదు. కూతురు చూసినా అలాగే అనుకుంటుంది కదా! చదరాన్ని రెండు పక్కలకీ లాగి పట్టీ చేశాడు. పట్టీ ఇంకా ఘోరంగా ఉంది. దాన్ని డ్రైవ్‌వే సగం వరకూ పెంచాడు.

"సగం గుండు చేయించుకుని మంగలి దగ్గర్నుంచి పారిపోయొచ్చినట్టుందోయ్" అన్నాడు డెల్బర్ట్.

ఇక మిగిలింది కూడా పూయక తప్పలేదు. వీధి చివర పసుపుపచ్చ టేపు అడ్డంగా కట్టాడు. పూత వేసినప్పుడు ఆ వీధిలో అందరూ పెట్టినట్టే దానికి 'లోపలికి రావద్దు' అన్న బోర్డు తగిలించాడు. బుద్ధున్నవాడెవడైనా గ్యారేజీ దగ్గర మొదలుపెట్టి వీధిలోకి దిగుతాడు. కాజిమిర్ మరక దగ్గర మొదలుపెట్టాడు కాబట్టి, వైపరుతో పూత లాక్కుంటూ వెనక్కి వెనక్కి నడిచి గ్యారేజీలో తేలాడు. కారు లోపల, తడి పూత బయట. ఎండకి ఇట్టే ఆరిపోతుందిలే అనుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఊరి పక్కనున్న సరస్సు మీంచి మబ్బు వచ్చి ఊరంతా కమ్మేసింది.

చర్చి నుంచి వచ్చిన లొరెయిన్ గడ్డి మీంచి నడిచి గ్యారేజీ దాకా వచ్చింది.

"ఆరిపోతుంది లొరెయిన్."

"ఏది ఆరిపోయేది? నా ప్రాణమా?"

"అమ్మాయి ఆ మరక చూస్తే పాత గొడవంతా గుర్తొస్తుందని..."

"గుర్తురాకూడదని ఇంటి ముందు రావద్దని బోర్డు కట్టావా? మూడేళ్ళకి గుమ్మంలోకి వస్తున్న పిల్లకి?"

బోర్డు పీకేద్దామని కాజిమిర్ గడ్డి మీదికి దూకాడో లేదో, టోబిన్ కారు వచ్చి టేపు ముందు ఆగింది. అద్దంలోంచి రెనాటా బోర్డు చదవడం కనబడింది. "రండి! రండమ్మా!" అని అరుస్తూ అతను రెండు చేతులూ పైకెత్తి ఊపాడు. మూసిన అద్దాల వెనక మాట వినబడదు. మోచేతుల దాకా తారు పూసుకున్న ముసలాయన పొమ్మని చేతులూపడమే కనబడుతుంది. కారు ఒక్క క్షణం తటపటాయించి ముందుకి వెళ్ళిపోయింది.

లొరెయిన్ ఫోన్ చేసింది. రెనాటా ఎత్తలేదు.

కాజిమిర్ గ్యారేజీలోకి పరిగెత్తి కారెక్కాడు.

"కాజ్! తడి పూత!" అని కేకేసింది లొరెయిన్ అలవాటు కొద్దీ.

"తగలబడనీ!"

పెళ్ళయిన నాటి నుంచి ఆ డ్రైవ్‌వే గురించి అతని నోట అలాంటి మాట ఆమె వినలేదు. కారు పూత మీద జర్రున జారి, ఒక పక్కకి కోసుకుపోయి, టేపుని తెంపుకుని, బోర్డుని తనతో ఈడ్చుకుంటూ వీధిలో పడింది.

హైవే దాకా వెళ్ళాడు. ఎక్కడా వాళ్ళ కారు లేదు. మూసి ఉన్న దుకాణం ముందు ఆగి, స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాడు. మొదటిసారి అట్టముక్కతో పొమ్మన్నాడు, ఈసారి బోర్డే రాసి కట్టాడు. ఇంక రాదు. ఎందుకొస్తుంది? మనవరాలు పెరిగి పెద్దదైనా తనకి మాత్రం ఫోటోలే వస్తాయి, అవి కూడా లొరెయిన్ పేరు మీద. ఆ ఆలోచనతో ఇంటికి ఎలా చేరాడో అతనికే తెలియదు.

ఇంటి ముందు వీధిలో టోబిన్ కారు ఉంది. అరుగు మెట్ల మీద పాపతో రెనాటా నిలబడి ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి, కానీ నవ్వాపుకోలేకపోతోంది.

"మలుపులో ఆగి ఏడుస్తున్నాను నాన్నా. కారు మా ఇంటికి తిప్పెయ్యమని టోబిన్‌తో అంటున్నాను. ఇంతలో తోకకి టేపూ బోర్డూ కట్టుకుని నువ్వు మా పక్కనుంచే దూసుకుపోయావు. పిలిచినా వినిపించుకోలేదు!"

"అది కాదమ్మా, ఆ బోర్డు మీకు కాదు..."

"అమ్మ చెప్పింది."

టోబిన్ మాత్రం డ్రైవ్‌వే వైపే చూస్తున్నాడు. దాని పొడుగునా వంకరటింకరగా టైరు చాళ్ళు, అంచు పొడుగునా గడ్డి మీద నల్లటి చారలు. "మావయ్యగారూ, దీని మీద మీరే కారు తోలారా?" అన్నాడు మెల్లగా. ఆ గొంతులో మూడేళ్ళ కోపం వెతికినా దొరకలేదు.

కాజిమిర్ పాప కోసం చేతులు చాచాడు. వాటిని చూసుకుని, చటుక్కున వెనక దాచుకున్నాడు.

"కడుక్కొస్తాను."

"ఆ తారు ఇప్పుడే పోతుందా? వారం పడుతుంది" అంది లొరెయిన్. "అంతదాకా ముట్టుకోకు. పాపది తెల్లగౌను!"

తనకి ఈ శాస్తి జరగాల్సిందే అనుకున్నట్టు అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. అతను చేతులు ఇంకా వెనకే దాచుకుని ఉండడం రెనాటా చూసింది. తల్లి వద్దు వద్దంటున్నా వినకుండా మెట్లు దిగి, పాపని తండ్రి చేతుల్లో పెట్టేసింది. పాప అతని ముక్కు పట్టుకుంది. తెల్లగౌను వీపున రెండు అరచేతులూ, వేళ్ళతో సహా, అచ్చు పడ్డాయి.

ఆ పూత కనీసం అయిదు చలికాలాలు నిలుస్తుందని డబ్బా మీద రాసి ఉంది. గౌను మీద మాత్రం నిలిచింది.